వై టూ కే మా గొర్రెలకు ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఉద్యోగం నుంచి దిగిపోయినవాడికైతే మరీ లోకువ. కొత్తగా కంప్యూటర్ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎవరైనా మా ఇంటికి వచ్చి "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటే నేను ఆపను, వాళ్లు చాయ్ తాగి గడియారం చూసుకుంటారు. అందుకే నోరు మూసుకుని రాయడం మొదలుపెట్టాను. రాసినదైతే నచ్చని చోట పేజీ తిప్పేయవచ్చు, నాకు కోపం రాదు, ఎందుకంటే నాకు తెలియదు కనుక.

నేను పని చేసింది నల్గొండలో ఒక గొర్రెల పెంపకందార్ల సహకార సంఘంలో. సంఘం పేరు రాయను. పేరు రాస్తే ఇంకా బతికి ఉన్న మా మేనేజర్లు ఒక్కొక్కరే ఫోన్ చేస్తారు. మాది రామన్నపేట దగ్గర పల్లె, గొర్రెల ఇల్లు. గొర్రెల వెంట తిరగడం నా వల్ల కాదని కంప్యూటర్ నేర్చుకున్నాను. ఆ కంప్యూటరే నన్ను చెవి పట్టుకుని తీసుకుపోయి మళ్లీ గొర్రెల దగ్గర వదిలింది. మా బాపు చచ్చేదాకా దీనికి నవ్వుతూనే ఉన్నాడు.

ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయి, ఎవరు అడ్డుపడ్డారు అనేవి వదిలేస్తున్నాను. అవి నాకు తప్ప ఎవరికీ ఆసక్తి కావు, ఇప్పుడు నాకూ కావు. ఒక్క సంగతి మాత్రం రాయాలి. మా వీధిలో ఒక అమ్మాయి ఈ మధ్య సాఫ్ట్‌వేర్‌లో చేరింది. తెలివిగలదే. ఒకరోజు అంది: "సార్, వై టూ కే అంటే ఉత్తదే కదా? అప్పుడేమో ప్రపంచం మునుగుతదన్నరు, తెల్లారి చూస్తే ఏం కాలేదంట." ఆమెకు ఆ మాట ఎవరు చెప్పారో గానీ, నాకు అన్నం సయించలేదు. ఉత్తది కాదు. ప్రపంచం మునిగేదీ కాదు. ఈ రెండింటి నడుమ నా సర్వీసంతా గడిచింది.

భయం అమ్ముకున్నవాళ్లు

1999లో మా మేనేజర్ రంగారావు సారు. మంచి మనిషే, కానీ పేపర్‌లో ఏది పడితే అది ముందు ఆయనకే జరుగుతుందని నమ్మేవాడు. ఆ సంవత్సరం పేపర్లలో, టీవీలో ఒకటే మాట. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు పిచ్చెక్కుతాయి, విమానాలు కూలుతాయి, బ్యాంకుల్లో పైసలు మాయమవుతాయి, కరెంటు పోతుంది. కరెంటు పోతుందన్న మాటకు మా నల్గొండలో ఎవరూ భయపడలేదు. అది రోజూ పోయేదే కనుక, ఏ కోత కంప్యూటర్‌దో, ఏది మామూలుదో తేల్చేవాడు ఎవడు?

హైదరాబాద్ నుంచి టై కట్టుకున్న ఒక మనిషి వచ్చాడు. చేతిలో పెట్టె, పెట్టె నిండా ఆకుపచ్చ స్టిక్కర్లు. ఒక్కో యంత్రాన్ని పరీక్షించి, భద్రమైతే స్టిక్కర్ అంటిస్తానన్నాడు. పరీక్ష అంటే యంత్రం చుట్టూ ఒకసారి తిరగడం. కంప్యూటర్‌కు అంటించాడు, ప్రింటర్‌కు అంటించాడు. రంగారావు సారు అంతటితో తృప్తి పడలేదు.

"ఫ్యాన్‌కు కూడా చూడవయ్యా," అన్నాడు.

"ఫ్యాన్‌కు తారీఖు ఉండదు సార్," అన్నాను నేను.

"ఉండదని నీకెట్ల తెలుసు? లోపల చూసినవా?"

లోపల చూడలేదు నిజమే. ఫ్యాన్‌కు స్టిక్కర్ పడింది. గోడ గడియారానికి పడింది. ఉన్ని తూచే కాంటాకు పడింది. కాంటా అంటే రెండు తట్టలు, నడుమ ఒక ముల్లు. చివరికి వాచ్‌మన్ తన టార్చిలైటు తెచ్చి, "సారూ, గిదాన్ని గూడ జర చూడరాదు" అని అడిగాడు. దానికీ అంటించారు. ఆ రోజు మా సంఘంలో స్టిక్కర్ పడనిది నాకొక్కడికే.

ఇది నవ్వుకోవడానికి రాస్తున్నా, అప్పట్లో నాకు మండింది. ఎందుకంటే నిజంగా జబ్బు ఉన్నది ఒక్కచోటే. మా టీకాల ప్రోగ్రాములో. స్టిక్కర్ల మనిషి దాన్ని తెరిచి కూడా చూడలేదు.

మరి నిజమెంత?

కంప్యూటర్లు పుట్టిన కొత్తలో వాటిలో జాగా తక్కువ. అందుకని సంవత్సరం నాలుగంకెలు రాసుకోకుండా చివరి రెండే రాసుకునేవి. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది. మన ఇళ్లలో కూడా "ఎనభై మూడులో పెండ్లయింది" అంటాం, పంతొమ్మిది వందలు ఎవరూ అనరు. మనిషి అయితే మిగతాది తెలుసుకుంటాడు. యంత్రం తెలుసుకోదు. తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే, కాలం వెనక్కి పోయిందని అనుకుంటుంది.

మా సంఘంలో దీనివల్ల ఏం జరిగేదో చెప్తాను. గొర్రెలకు మశూచి వస్తుంది, మా దిక్కు అమ్మవారు అంటారు. దానికి ఏడాదికోసారి టీకా. ఏ మందకు ఎప్పుడు వేశారో, మళ్లీ ఎప్పుడు వేయాలో చెప్పడం మా ప్రోగ్రాము పని. తొంభై తొమ్మిదిలో వేసిన టీకాను సున్నా సున్నాలోంచి తీసేస్తే అది ఏమంటుంది? ఈ టీకా వేయడానికి ఇంకా తొంభై తొమ్మిదేళ్లు గడువుంది అంటుంది. ఆ మాట నమ్మి మేం ఊరుకుంటే అమ్మవారు ఊరుకోదు. ఒక మందకు అంటితే గాలితోపాటు పక్క మందకు పోతుంది. విమానాలు కూలడం మా సంఘంలో జరిగే పని కాదు, మాకు విమానాలు లేవు. గొర్రెలు చావడం మాత్రం జరిగేదే.

కాబట్టి పిల్లలూ, వై టూ కే అంటే పులీ కాదు, పుకారూ కాదు. చెదపురుగు. అది ఎక్కడెక్కడ ఉందో తలుపు తలుపుకూ వంగి చూడాలి. చూసినచోట్ల ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి, చూసినవాళ్లు ఊరికే వంగారని లోకం అంది. టీకా వేసిన గొర్రెకు రోగం రాకపోతే టీకా దండగ అన్నట్టుంది.

రంగారావు సారు కూడా అంతే. డిసెంబరు చివరి రాత్రి ఆఫీసులో కాపలా కూర్చోమని నన్ను ఆజ్ఞాపించాడు. నేను ఇంట్లో సుఖంగా పడుకున్నాను, తారీఖులు దొంగలు కారని నాకు తెలుసు. జనవరి మొదటివారంలో ఆయన టేబుల్ మీద కాలు మీద కాలేసుకుని, "చూసినవా నర్సింలూ, అంత ఉత్త మోసం. నేను ముందే అన్న," అన్నాడు. ముందు ఆయన అన్నదేమిటో ఆయన తల మీద తిరుగుతున్న ఫ్యాన్ స్టిక్కర్‌కు తెలుసు.

వాయిదా వేసిన జబ్బు

అసలు సంగతి ఇక్కడే ఉంది. మా ప్రోగ్రామును బాగు చేయడానికి దారులు రెండు. ఒకటి, లోపల ప్రతిచోటా సంవత్సరాన్ని నాలుగంకెలకు మార్చడం. నడుం విరిగే పని. రెండోది ఉపాయం. ఇరవైలోపు అంకె కనిపిస్తే రెండువేలనుకో, ఇరవై గానీ ఆపైన గానీ కనిపిస్తే పంతొమ్మిది వందలనుకో అని యంత్రానికి ఒక్క మాట చెప్పడం. ఒక పూట పని. అప్పట్లో ప్రపంచంలో చాలాచోట్ల ఈ ఉపాయమే చేశారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, తర్వాత తీరిగ్గా అసలు పని చేస్తే.

నేను మొదటి దారే మంచిదన్నాను. "ఈ ఉపాయం 2019 దాకే పనిచేస్తది సార్. 2020 వస్తే యంత్రం దాన్ని 1920 అనుకుంటది."

రంగారావు సారు నవ్వాడు. "2020ల ఈ డబ్బా ఉంటదా? నేనుంటనా? నువ్వు ఉన్నా గుర్తుంటదా? పోనీయవయ్యా."

ఆ డిసెంబరు లోపే కాంట్రాక్టు మనిషి వచ్చి ఉపాయం చేసి పోయాడు. తర్వాత వచ్చిన ప్రతి మేనేజర్‌కూ నేను ఈ సంగతి చెప్పాను. ఒకాయన "ఇంకా చాలా టైముంది" అన్నాడు. ఒకాయన "నేను ట్రాన్స్‌ఫర్‌లో ఉన్నా" అన్నాడు. తెలంగాణ వచ్చాక వచ్చినాయన, "అది ఆంధ్ర హయాంల సమస్య, ఇప్పుడెందుకు?" అన్నాడు. తారీఖులకు రాష్ట్రం లేదని చెప్పబోయి ఊరుకున్నాను, ఉద్యమం చేసి వచ్చిన మనిషి.

కొత్త రాష్ట్రంలో కొత్త కంప్యూటర్లు కొన్నారు. పలచటి తెరలు, రంగురంగుల బొమ్మలు. లోపలికి మాత్రం పాత ప్రోగ్రామునే తెచ్చి పెట్టారు. ఇల్లు మారినా ఇంటి దేవుణ్ని తెచ్చుకున్నట్టు. కొత్త ఉద్యోగం చేరే మీకు నేను చెప్పగలిగినది ఇదొక్కటి: కొత్త డబ్బాను చూసి మురిసిపోవద్దు, లోపల ఎవరు కాపురం ఉన్నారో అడగండి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అనే సామెత మా వృత్తి కోసమే పుట్టింది.

నూరేళ్ల టీకా

2020 జనవరిలో మా ఇంట్లో పెండ్లి ఉండి సెలవులో ఉన్నాను. ఆ నెల మొదట్లో టీకాలు వేసిన మందలకు ఎప్పటిలాగే ఆరోగ్య కార్డులు ప్రింటయ్యాయి. తారీఖు స్పష్టంగా, నాలుగంకెల్లో, 1920. ఎవరూ చూడలేదు. కార్డు మీద సంతకం చూస్తారు, ముద్ర చూస్తారు, సంవత్సరం ఎవరు చూస్తారు? ఏ సంవత్సరంలో ఉన్నామో అందరికీ తెలుసు కదా.

ఆ వెంటనే యంత్రం తనంతట తానే కాపరుల ఫోన్లకు మెసేజీలు పంపింది. "మీ మందకు టీకా వేసి నూరు సంవత్సరాలు దాటినది. వెంటనే సంఘ కార్యాలయమును సంప్రదించగలరు." నేను తిరిగి వచ్చేసరికి ఆఫీసు ఫోను ఆగకుండా మోగుతోంది. నేను ఎత్తిన మొదటి కాల్ ఆలేరు దిక్కు కాపరిది.

"సారూ, నూరేండ్ల కింద టీకా ఏసిన డాక్టర్ ఎవరో గని, శాన మంచోడు సారూ. ఇప్పటిదాంక ఒక్క గొర్రెకు అమ్మవారు పొయ్యలే. ఆయన కొడుకులు, మన్మలు ఎవరన్న ఉంటే వాళ్లనే పంపరాదు!"

మా ఆపరేటర్ స్వప్న చురుకైన పిల్ల. నేను వచ్చేలోపే మందు కనిపెట్టింది. యంత్రంలో గడియారాన్ని వెనక్కి తిప్పి 2019 డిసెంబరులో పెట్టి, ఆ నెల టీకాలన్నిటినీ అదే తారీఖుతో మళ్లీ ఎక్కించింది. మెసేజీలు ఆగిపోయాయి. మేనేజర్ ఆమెను మెచ్చుకుని మిఠాయి తెప్పించాడు.

"ఇదేం పనమ్మా?" అన్నాను.

"సార్, మనకు టీకా గుర్తుంటే చాలదా? ఏ సంవత్సరమైతే ఏంది?" అంది.

రంగారావు సారు ఆత్మ ఇంకా ఆ గదిలోనే తిరుగుతోందని నాకు అర్థమైంది. ఆయన బతికే ఉన్నాడు, అది వేరే సంగతి.

ఆ తర్వాత కరోనా వచ్చింది. లోకమంతా మూతికి గుడ్డ కట్టుకుని 2020ని తిట్టుకుంటుంటే, మా కంప్యూటర్ మాత్రం, స్వప్న నెలనెలా వెనక్కి తిప్పుతుంటే, 2019లో హాయిగా ఉంది. "మన జిల్లాల మంచి రోజులున్న ఆఫీసు మీదొక్కటే సారూ, మమ్ముల గూడ లోపలికి రానియ్యుండ్రి" అని వాచ్‌మన్ అనేవాడు. జనం రాని ఆ రోజుల్లోనే నేను కూర్చుని, ప్రోగ్రాము మొత్తం విప్పి, సంవత్సరాలన్నీ నాలుగంకెలకు మార్చాను. 1999లో చేయాల్సిన పని. ఎవరూ మెచ్చుకోలేదు, ఏమీ కాలేదు కనుక.

కానీ అంతకుముందు, అదే జనవరిలో, గడియారం వెనక్కి తిప్పినా వెనక్కి రానిది ఒకటి ఉండిపోయింది. అప్పటికే ప్రింటయి ఊళ్లలోకి పోయిన కార్డులు. అందులో ఒకటి కొమరయ్యది.

గొర్రె బతకదు, మంద బతుకుతది

కొమరయ్య మా పక్క ఊరు. మా బాపుతో కలిసి మేపినవాడు, నాకు అన్న వరస. మేత దొరకని ఏడాది మందను తోలుకుని, భార్య మల్లవ్వతో కలిసి అమ్రాబాద్ దిక్కు, నల్లమల అంచు ఊర్లకు పోతాడు. ఆ ఏడూ టీకా వేయించి, కార్డు తీసుకుని బయలుదేరాడు.

నేను సెలవు నుంచి తిరిగి వచ్చిన వారంలోనే ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. మల్లవ్వ.

"నర్సింలు సారూ, నీ కంప్యూటర్ పాడుగాను! మమ్ముల తెచ్చి రోడ్డు మీద కూసోవెట్టింది. డిండి దాటినంక చెక్‌పోస్టు కాడ ఆపిండ్రు. గొర్లు ఈన్తున్నయి. గీ జాగాల మేత ఒడ్సింది, నీళ్లు గూడ బోరాయన పోస్తెనే. మా ఆయన డాక్టరమ్మతోని పంతం పట్టిండు. నువ్వు రాకుంటే మందను గీడనే ముంచుతడు!"

కొమరయ్యకు మంద తప్ప ఇంకేమీ లేదు. భూమి లేదు, ఇంకో పని రాదు. ఈనే గొర్రెలు మేత లేక నిలబడితే పాలు ఎండుతాయి, పిల్లలు ముందు పోతాయి, తర్వాత తల్లులు. ఈ సంగతి చిన్నప్పుడు మా దొడ్డిలోనే చూశాను. ఒక ఖాళీ కార్డు, సంఘం ముద్ర సంచిలో వేసుకుని తెల్లారే బస్సెక్కాను.

అక్కడ రోడ్డుకు అడ్డంగా ఒక వెదురు బొంగు. ఇవతల మంద, అవతల టేబుల్ దగ్గర పశువుల డాక్టరమ్మ. చిన్న వయసే గానీ గట్టి మనిషి. కిందటేడు ఆ దిక్కున అమ్మవారు పోసి గొర్రెలు చాలా పోయాయట. అందుకే తాత్కాలికంగా పెట్టిన చెక్‌పోస్టు అది. నేను ఎవరో చెప్పగానే ఆమె కార్డు నా ముందు పెట్టింది.

"ఇది ప్రింటింగ్ తప్పని నాకు చూస్తనే తెలిసింది సార్. వదిలేద్దామనే అడిగిన. 'పెద్దయ్యా, నూరేండ్ల కింది తారీఖు పడ్డది, ఇది తప్పే గదా' అన్న. తప్పు అంటే అయిపోయేది. ఆయన ఒప్పుకోలేదు. ముమ్మాటికీ నిజమే అన్నడు. నాతో పాటు ఇద్దరు కానిస్టేబుళ్లు విన్నరు. ఓనరే టీకా నూరేండ్ల కిందిదంటుంటే నేనెట్ల పంపాలె? అవతల అడవిల పెంటలు, చెంచు గూడేలున్నయి. అక్కడి చెంచువాళ్లకు ఉన్నవే నాలుగు మేకలు, గొర్లు. అవి పోతే నేనేం జవాబు చెప్పాలె?"

ఆమె మాటలో ఒక్క తప్పు లేదు. నేను కొమరయ్య దగ్గరికి పోయాను. గొంగడి కప్పుకుని బండ మీద కూర్చుని ఉన్నాడు, ముఖం ముడుచుకుని.

"కొమరన్నా, టీకా ఎప్పుడేసిండ్రు?"

"మొన్ననే గదనే. నువ్వు లేవు, పెండ్లికి వోయినవన్నరు."

"మరి నూరేండ్ల కిందిది నిజమే అన్నవట?"

"టీకా ముచ్చట నేనెందుకంట? ఆమె మందను అన్నది. 'గొర్రె నూరేండ్లు బతుకుతదా తాతా' అని నవ్వింది. గొర్రె బతకదు బిడ్డా, మంద బతుకుతది అన్న. గీ మంద మా ముత్తాత వెట్టింది. మా కులదేవుడు బీరప్ప ముంగట మొక్కి, ఒక్క తల్లిగొర్రెతోని వెట్టిండు. దాని కడుపుల పుట్టినయే, వాటి కడుపుల పుట్టినయే ఇవన్ని. కరువొచ్చినా తల్లి వరసను అమ్మలే, కొయ్యలే. నూరేండ్లని ఆ కాయితంల ఉంటే, అది అబద్ధమని నా నోటితోని నేనే అనాల్నా?"

నేను ఆ ఇళ్లలో పుట్టినవాణ్నే. మా ఇళ్లలో మంద వయసు తగ్గించి చెప్పడమంటే తల్లిని కాదనడమే. యంత్రం రెండంకెలు మింగి ఒక తప్పు చేసింది. ఈయన దాన్ని తన ముత్తాతకు ఇచ్చిన మర్యాదగా పుచ్చుకున్నాడు. ప్రపంచంలో వై టూ కే గురించి రాసిన ఏ నిపుణుడూ ఈ ప్రమాదాన్ని ఊహించి ఉండడు.

తోక కింద చూస్తే తేలిపోతుంది కదా అన్నాను డాక్టరమ్మతో. అమ్మవారి టీకా తోక మొదట్లో చర్మం కిందికి వేస్తారు, కొన్నాళ్లపాటు అక్కడ చిన్న గడ్డ కడుతుంది.

"నేను నిన్ననే అన్న సార్. ఆయన ముట్టనిస్తలేడు."

"నా మాట నమ్మనోళ్లు నా గొర్రెను ముట్టొద్దు," అన్నాడు కొమరయ్య అటు తిరిగి. "ముందు మందను నవ్వినందుకు మాట వాపసు తీసుకోవాలె."

ఆమె లేచి నిలబడింది. ఆమెకూ పౌరుషం వచ్చింది. నేను ఇద్దరి మధ్య నిలబడి, ఒకరికి రెండంకెల సంగతి, ఇంకొకరికి బీరప్ప సంగతి చెప్తూ ఉంటే, ఎవరికీ ఏదీ ఎక్కలేదు. ఇంతలో మందలోంచి మల్లవ్వ వచ్చింది. ఒక గొర్రెను వెనక కాలు పట్టి ఈడ్చుకొస్తోంది. డాక్టరమ్మ ముందు నిలబెట్టి తోక ఎత్తింది.

"చూడు బిడ్డా. మగోని పౌరుషం మేత ఎయ్యదు. ఇది మా పెద్ద గొర్రె. ఇంకెన్ని గావాల్నో చెప్పు, పట్టుకొస్త."

"నా మందను..." అని కొమరయ్య లేవబోయాడు.

"నీ మందనే! పాలు పిండి, పిల్లల తాపి, కుంటుదాన్ని ఎత్తుకుని నడిచింది నేను. సగం మంద నాది. నా సగంలకెళ్లి చూపిస్తున్న, నీ సగం నువ్వు దాచుకో."

డాక్టరమ్మ వేలితో తడిమి చూసింది. గడ్డ ఉంది. ఇంకోదాన్ని పట్టించింది, ఉంది. కొమ్ముల పొట్టేలుకూ ఉంది. మల్లవ్వ తన సగం, ఆయన సగం అని చూడకుండా పట్టుకొస్తూనే ఉంది. చివరికి డాక్టరమ్మ చేతులు తుడుచుకుని, "ఇది నిన్నమొన్నటి టీకానే. నాకు చాలు. సరైన తారీఖుతో కార్డు రాసియ్యండి సార్" అంది.

నేను ఖాళీ కార్డు తీసి, పెన్నుతో, నాలుగంకెలూ విడివిడిగా, పెద్దగా రాశాను. ముద్ర వేశాను. సర్వీసులో అంత శ్రద్ధగా ఇంకేదీ రాయలేదు. డాక్టరమ్మ దాని మీద సంతకం పెట్టి, తప్పు కార్డును చింపడానికి రెండు చేతులతో పట్టుకుంది.

"ఆగు బిడ్డా," అన్నాడు కొమరయ్య.

బండ దిగి వచ్చాడు. గొంతులో కోపం లేదు.

"చింపకు. గొర్రె ఐదారేండ్లు ఉంటది. నాది ఇంకెన్నాళ్లో దేవునికెరుక. మా ఇంట్ల నూరేండ్లున్నది గీ మంద ఒక్కటే. భూమికి కాయితం ఉంటది, ఇంటికి ఉంటది. మా ముత్తాత వెట్టిన మందకు ఇంతవరకు ఎవలు కాయితం ఇయ్యలే. తప్పువడి అచ్చిందన్నా సరే, గిదొక్కటే అచ్చింది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. తప్పు కార్డు బయట తిరగకూడదన్నది నియమం, అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె కూర్చుని, కార్డు వెనక్కి తిప్పి ఏదో రాసి, సంతకం పెట్టి కొమరయ్యకు ఇచ్చింది. ఆయనకు చదువు రాదు. నా చేతికి ఇచ్చాడు.

"టీకాకు చెల్లదు అని రాసింది అన్నా," అన్నాను.

"టీకాకు చెల్లకుంటే చెల్లకపాయె," అన్నాడు కొమరయ్య. కార్డును మడిచి తలరుమాలులో పెట్టుకుని, ఆమె ముఖంలోకి చూశాడు. "మందకు చెల్లుతది గదా బిడ్డా?"

"మందకు చెల్లుతది తాతా," అంది డాక్టరమ్మ. లేచి పోయి, బొంగును తనే ఎత్తి పట్టుకుంది.